నేలను తాకని బంతి

"జారి పడ్డాడు, అంతే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ హోల్‌రాయిడ్. "ఇనప మెట్లు, అరిగిపోయిన బూట్లు. దీన్ని హత్యాయత్నం చేసి కూర్చోబెట్టకు మారియన్."

"నేనేమీ చెయ్యట్లేదు. గది చూస్తానంటున్నాను."

"మాతో పోలీసుల్లో ఉన్నప్పుడూ ఇంతే నువ్వు. చూస్తానంటావ్, చూశాక మా అందరి పీకల మీదికి తెస్తావ్."

బయట వాన దంచికొడుతోంది. ఆష్‌వెల్ రోడ్డు మైదానమంతా టార్పాలిన్లు కప్పేశారు. న్యూజిలాండ్‌తో టెస్టు మూడో రోజు ఆట ఇంకా మొదలు కాలేదు. స్కోరుబోర్డు పక్కనున్న స్తంభంలాంటి భవనం పై అంతస్తులో, విశ్లేషకుల గది గుమ్మంలో మేమిద్దరం నిలబడి ఉన్నాం.

ఆ గది ఐవర్ స్లేటర్‌ది. ఇంగ్లండ్ జట్టులో ఎవరి బ్యాటు ఎక్కడ తడబడుతుందో, ఎవరి బంతి ఏ చోట పడితే వికెట్టో అతన్నడిగితే తెలిసేది. నిన్న టీ విరామంలో అతను ఈ భవనం వెనక మెట్ల కింద రక్తపు మడుగులో కనిపించాడు. ఎవరో ఒకాయన గట్టిగా కేకలు వేసి జనాన్ని పిలిచి, తన కోటు తీసి ఐవర్ తల కింద పెట్టి, గుంపులో కలిసిపోయాడట. ఐవర్ ఆస్పత్రిలో ఉన్నాడు. ఇంకా స్పృహ రాలేదు.

హోల్‌రాయిడ్‌కి తెలియనిది ఒకటుంది. మొన్న ఐవర్ నాకు ఫోన్ చేశాడు.

"నేను మీట నొక్కిన బంతి టీవీలో పడకముందే బయట పందాలు కాసేవాళ్ళకి తెలిసిపోతోంది మారియన్," అన్నాడు. "మన లోపలివాళ్ళే. ఎవరో రేపటికల్లా తేల్చేస్తాను. తేలాక చెప్తా."

క్రికెట్ బోర్డు నాకు జీతమిచ్చేది సరిగ్గా ఇలాంటివి పట్టుకోడానికే. తేలాక చెప్తానన్న మనిషి, తేల్చిన రోజే మెట్ల మీంచి పడ్డాడు.

"టీకి ముందు చివరి బంతి దాకా ఈ కుర్చీలోంచి నమోదు జరుగుతూనే ఉంది," అన్నాడు హోల్‌రాయిడ్, కంప్యూటరు వైపు గడ్డం ఎగరేసి. "అంటే అప్పటిదాకా ఐవర్ ఇక్కడే ఉన్నాడు. పడింది టీ విరామంలో. ఆ సమయంలో జట్టు సిబ్బంది మొత్తం భోజనాల గదిలో టీతో స్కోన్ బన్నులు తింటున్నారు. ఒకళ్ళనొకళ్ళు చూశారు. ఇంకెవర్ని అనుమానిస్తావ్, స్కోన్లనా?"

"కుర్చీలో ఉన్నది ఐవరేనని ఎవరు చెప్పారు?"

"నేను చెప్పాను," అంది వెనక నుంచి ఒక మెత్తని గొంతు.

జూలియన్ క్విల్. విశ్లేషణ విభాగానికి పెద్ద, ఐవర్‌కి పైవాడు. ఏభై దాటినా మనిషి ఇస్త్రీ మడతలా ఉంటాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా ఆస్పత్రిలోనే ఉన్నాడట.

"చివరి ఓవర్లో కూడా హెడ్‌ఫోన్లో నాతో మాట్లాడాడు మిస్ గార్త్," అన్నాడు. "ఇద్రీస్ ఒక ఫుల్‌టాస్ వేశాడు చూడండి, బ్యాట్స్‌మన్ నేరుగా ఫోర్ కొట్టాడు. 'అది గూగ్లీ, చెయ్యి జారింది' అని ఐవర్ ఠక్కున చెప్పాడు. అతని నోటి నుంచి నేను విన్న ఆఖరి మాట అదే."

హోల్‌రాయిడ్ అతని భుజం తట్టాడు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళారు.

నేను ఐవర్ కుర్చీలో కూర్చున్నాను.

అద్దంలోంచి పిచ్ తిన్నగా, బౌలర్ వీపు వెనక నుంచి కనిపిస్తుంది. బల్ల మీద సగం తాగిన టీ ఉన్న కప్పులు రెండున్నాయి. పోలీసులు ఒకే మనిషివి అనుకుని ఉంటారు. ఐవర్ టీలో పంచదార వేసుకోడు, డాక్టరు వద్దన్నాడు. రెండో కప్పు అడుగున పంచదార పేరుకుని ఉంది.

నిన్నటి నమోదు తెర మీదికి తెచ్చాను. ప్రతి బంతికీ ఐవర్ నాలుగు సంగతులు నొక్కుతాడు. బౌలర్ చేతిలోంచి ఏ బంతిగా బయలుదేరింది, ఎక్కడ పడింది, బ్యాట్స్‌మన్ కాలు ఎటు కదిలింది, షాట్ ఏమిటి. మొదటిది బంతి గాల్లో ఉండగానే నొక్కాలి. తెలియకపోతే 'తెలియదు' అని నొక్కుతాడు. ఊహించి రాసే అలవాటు అతనికి లేదు. నేనతన్ని ఇష్టపడింది అందుకే.

ఇద్రీస్ కుర్షీద్ జట్టులోకి కొత్తగా వచ్చిన లెగ్‌స్పిన్నర్. బ్రాడ్‌ఫోర్డ్ కుర్రాడు, ఇరవై మూడేళ్ళు. ఇది రెండో టెస్టు. అతని బంతుల దగ్గర ఐవర్ నమోదు నిండా 'తెలియదు, తెలియదు, తెలియదు'. లెగ్‌స్పిన్‌లా కనిపించి ఎదురు దిక్కుకి తిరిగే గూగ్లీ ఎప్పుడొస్తుందో ఐవర్‌కే కాదు, న్యూజిలాండ్ వాళ్ళకీ అంతుపట్టలేదు.

మధ్యాహ్నం మొదటి గంట దాటాక ఆ మాట తెర మీద ఉన్నట్టుండి మాయమైంది. ప్రతి బంతీ పేరుపేరునా నమోదై ఉంది. కాసేపటి తర్వాత ఇంకోటి మారింది. టీకి ముందు చివరి మూడు ఓవర్లలో బ్యాట్స్‌మన్ కాలు ఎటు కదిలిందో అసలు లేనే లేదు. ఖాళీ.

ఐవర్ పెళ్ళి రోజు మర్చిపోతాడేమో గానీ, బ్యాట్స్‌మన్ కాలు మర్చిపోడు.

అంటే ముందు ఎవరో ఐవర్ పక్కన కూర్చుని బంతులు చెప్పారు. తర్వాత ఐవర్ లేచి వెళ్ళాడు. ఆ వచ్చినవాడే కుర్చీలో కూర్చుని, తనకు వచ్చినంత మటుకు నొక్కాడు. ఐవర్ పడింది టీ విరామంలో కాదు. మూడు ఓవర్ల ముందే. అప్పుడు భోజనాల గదిలో స్కోన్లు తింటున్నవాళ్ళెవరూ లేరు.

చివరి ఓవర్ ఫుల్‌టాస్ దగ్గర ఆగాను. నేల తాకని బంతి. పిచ్ మీద పడితే కదా ఎటు తిరుగుతుందో తెలిసేది! తెర మీద మాత్రం 'గూగ్లీ' అని స్పష్టంగా ఉంది. చేతిలోంచి చదివినవాడు తప్ప ఇంకెవరూ అది రాయలేరు.

వీడియో పెట్టి చూశాను.

నేను లెగ్‌స్పిన్ చూడను. పని మీద ఏ మైదానానికి వెళ్ళినా, లెగ్‌స్పిన్నర్ బంతి అందుకుంటే తల తిప్పుకుంటాను. ఈ ఉద్యోగంలో అది కుదిరే అలవాటు కాదు, అయినా ఎలాగో నెట్టుకొస్తున్నాను. ఇప్పటిదాకా ఇద్రీస్‌ని చూడలేదు.

మణికట్టు తిరిగింది. ఉంగరపు వేలు వెంట్రుకవాసి ముందుగా పైకి లేచింది.

నా రెండు చేతులూ వాటంతటవే ముందుకు, కొంచెం ఎడమకి జరిగాయి. బంతి అందుకోడానికి.

ముప్ఫై ఏళ్ళ కిందట మా ఇంటి వెనక సందులో, చెత్తడబ్బా వికెట్లకి వెనక నిలబడి ఆ వేలిని రోజుకి వందసార్లు చూసినదాన్ని నేను. ఆ బంతి మా అన్నయ్య నెడ్‌ది. వాడొక్కడిదే. దాన్ని చేతిలోంచి చదివింది లోకంలో ఇద్దరమే, వేసిన వాడూ, పట్టిన నేనూ.

నెడ్ ఇంగ్లండ్‌కి ఒక్క టెస్టు ఆడాడు, ఇదే మైదానంలో. కీపర్‌కి వాడి గూగ్లీ అర్థం కాలేదు. రెండు స్టంపింగులు జారిపోయాయి, అతను పట్టలేని బంతులు బౌండరీకి పోయాయి. ఒక్క వికెట్ కూడా రాలేదు. పేపర్లు నవ్వాయి. ఆ బంతులన్నీ నా చేతుల్లో పడాల్సినవి. ఆ రోజు నేను వికెట్ల వెనక కాదు, స్టాండులో టికెట్టు కొనుక్కుని కూర్చున్నాను. మరుసటి వసంతంలో నెడ్ ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. పందొమ్మిదేళ్ళయింది. ఏ ఊరు వెళ్ళినా గుంపులో వాడిలా ఎడమ భుజం కిందికి వాలిన మనిషి కోసం నా కళ్ళు వెతుకుతూనే ఉన్నాయి. దొరికితే తిట్టాలో కావలించుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఐవర్ తల కింద దొరికిన కోటు కింది అంతస్తులో పోలీసుల సంచిలోనే ఉంది. వెళ్ళి విప్పించాను. బూడిద రంగు ఊలు కోటు. ఎడమ భుజం లోపల ఒక మెత్తకి బదులు రెండు మెత్తలు, చేత్తో కుట్టుకున్నవి. వాలు కనపడకుండా.

పక్కనున్న కానిస్టేబుల్ "బాగానే ఉన్నారా?" అని రెండుసార్లు అడిగాడట. నాకు వినపడలేదు.

ఇద్రీస్‌ని డ్రెస్సింగ్ రూమ్ వెనకున్న ఫిజియో గదిలో కూర్చోబెట్టాను.

"చివరి ఓవర్ ఫుల్‌టాస్. ఏం వెయ్యబోయావు?"

"గూగ్లీ మేడమ్. చెయ్యి జారింది. కెప్టెన్ ఇప్పటికే తిట్టేశాడు, మీరు కూడా మొదలెట్టకండి."

"నేర్పిందెవరు?"

"ఎవరూ లేరు. యూట్యూబ్ చూసి..."

కోటు అతని ఒళ్ళో పెట్టాను. అతని మొహంలో నవ్వు ఆగిపోయింది. వేళ్ళు ఎడమ భుజం దగ్గరికి వెళ్ళి మెత్తని తడిమాయి.

"చాచాకి ఏమైంది?"

"ఏమీ కాలేదు. కోటు లేకుండా వానలో తిరుగుతున్నాడంతే. ఎవరాయన?"

"పేరు తెలీదు మేడమ్. ఒట్టు. మా పేటలో పిల్లలందరికీ చాచానే, బాబాయన్నమాట. మూతపడిన ఉన్ని మిల్లు వెనక నెట్స్ ఉన్నాయి. నాకు పదకొండేళ్ళప్పుడు వచ్చి, 'మణికట్టు బావుంది, వేలు బాలేదు' అన్నాడు. అంతే. పన్నెండేళ్ళుగా ప్రతి సాయంత్రం. మా అబ్బాకి, సొంత నాన్నకి కూడా నా మీద అంత ఓపిక లేదు."

"నిన్న ఇక్కడికి తెచ్చింది నువ్వేనా?"

"ఐవర్ సారే అడిగారు. 'నీ బంతి చదవలేక చస్తున్నానయ్యా, నేర్పినాయన్ని ఒక్క పూట నా పక్కన కూర్చోబెట్టు' అన్నారు. చాచా ఎంత చెప్పినా రానన్నాడు. మైదానమంటే ఆయనకి భయం మేడమ్, గేటు దాకా వచ్చి వెనక్కి పోయేవాడు. నిన్న బతిమాలి, నా పాసు మీద తీసుకొచ్చా." కోటు దగ్గరికి లాక్కున్నాడు. "చాచా ఎవర్నీ తొయ్యడు. మా గల్లీలో పిల్లిని కూడా అదిలించడు."

"తోశాడని నేనన్నానా?"

"మీరు అనలేదు. మీ మొహం అంటోంది."

నా మొహం ఏమంటోందో నాకు తెలుసు. అది అతనికి చెప్పేది కాదు.

హోల్‌రాయిడ్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చివర్లో వచ్చినట్టున్నాడు.

ఇద్రీస్‌ని పంపేసి తలుపు మూశాడు.

"రెండు మెత్తల భుజం," అన్నాడు. "నీతో పదేళ్ళు పనిచేశాను మారియన్. నీ టేబుల్ మీద వాడి ఫోటో పదేళ్ళు చూశాను. నన్నేం గుడ్డివాడనుకున్నావా?"

"ఐవర్ వాణ్ని పిలిపించాడు. సాయానికి."

"పిలిపించాడు, సరే. ఇద్దరే గదిలో ఉన్నారు. ఒకడు మెట్ల కింద పడ్డాడు, రెండోవాడు పారిపోయాడు. దీనికి పెద్ద డిటెక్టివ్‌లు అక్కర్లేదు."

"టీకి ముందు చివరి మూడు ఓవర్లు నొక్కింది ఐవర్ కాదు. తోసినవాడు వెనక్కొచ్చి అంత బుద్ధిగా బంతులు నమోదు చేస్తాడా?"

"చేస్తాడు. ఐవర్ ఇంకా కుర్చీలోనే ఉన్నాడని మనం అనుకోవాలిగా."

"దానివల్ల వాడికేం లాభం? టీ విరామంలో నెడ్‌ని ఇంకోచోట చూశానని చెప్పే సాక్షి ఒక్కడు లేడు. లాభమెవరికో ఆలోచించు. ఆ విరామంలో పదిమంది మధ్య కూర్చున్నవాడికి."

"పదిమందీ కూర్చున్నారు."

"అందులో ఒక్కడే ఐవర్ గొంతు విన్నానన్నాడు."

హోల్‌రాయిడ్ ఒక్క క్షణం తటపటాయించాడు. మళ్ళీ మొహం బిగించాడు.

"క్విల్ రాత్రంతా ఆ మంచం పక్కన ఏడ్చాడు. నీ అన్నయ్య మాత్రం కోటు వదిలి పరిగెత్తాడు. నిన్ను ఈ కేసులోంచి తప్పిస్తున్నా. బోర్డుకి నేనే ఫోన్ చేస్తా. ఇంటికి పో."

"వాణ్ని నువ్వు వెతికి పట్టుకునేలోపు..."

"మారియన్! పో అన్నాను."

పోయాను. ఇంటికి కాదు.

వాన వెలిసి ఎండ పొడ వచ్చేసరికి నేను మిల్లు వెనక ఉన్నాను. నెట్స్‌లో ఒక్కడే ఉన్నాడు. చొక్కా చేతులు మడిచి, బక్కచిక్కి, జుట్టు తెల్లబడి. పక్కన పాత బంతులు నిండిన బకెట్టు. ఎదురుగా బ్యాట్స్‌మన్ లేడు, కీపర్ లేడు. బంతి వేస్తున్నాడు, అది వెళ్ళి వెనక వల తగిలి ఆగిపోతోంది. మళ్ళీ ఇంకోటి.

నేను పిలవలేదు. వికెట్ల వెనకకి నడిచి, మోకాళ్ళు వంచి కూర్చున్నాను. మోకాళ్ళు గట్టిగానే తిట్టాయి.

వాడు నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత రెండడుగులు వేసి బంతి వేశాడు. ఉంగరపు వేలు లేచింది. నా చేతులు ఎడమకి వెళ్ళాయి. అరచేతుల్లో టప్‌మని పడింది. గ్లవ్స్ లేవు, వేళ్ళు చురుక్కుమన్నాయి. ఆ మంట ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"ముసలిదానివయ్యావే పిచ్చుకా," అన్నాడు నెడ్.

ఆ పేరుతో నన్ను పిలిచే మనిషి ఇంకొకరు లేరు. ఏడవకూడదనుకుని బంతిని బకెట్లోకి విసిరాను.

"పందొమ్మిదేళ్ళు అన్నయ్యా. ఇక్కడి నుంచి మా ఇల్లు గంట ప్రయాణం."

"తెలుసు. రెండుసార్లు మీ వీధి చివరదాకా వచ్చాను. ఏ ముఖం పెట్టుకుని తలుపు కొట్టను? ఈ బంతి ఇంకొకడి చేతిలోనైనా గెలవనీ, అప్పుడు వద్దామనుకున్నా. నిన్న ఐవర్ గదిలో కూర్చుని చూస్తుంటే కుర్రాడు మూడు వికెట్లు తీశాడు. ఇవాళ వద్దామనే అనుకున్నా పిచ్చుకా. నిజం."

"నిన్న ఏం జరిగిందో చెప్పు. మొత్తం."

నెడ్ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. బంతులు గడ్డిలో దొర్లాయి.

"నేను చెప్తుంటే ఐవర్ మీటలు నొక్కాడు. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఇంతలో ఫోన్ వచ్చింది. 'క్విల్ వెనక మెట్ల దగ్గర ఉన్నాడు, ఒక మాట తేల్చుకుని రావాలి, నువ్వు నొక్కుతూ ఉండు' అని లేచాడు. మొదటి రెండు మీటలే నాకు అర్థమయ్యాయి, చేతనైనంత చేశా. తర్వాత హెడ్‌ఫోన్లో ఒక గొంతు, 'ఐవర్? ఐవర్, కుర్చీలో ఉన్నది నువ్వేనా?' అని. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. భయం భయంగా. నాకు జవాబు చెప్పడం ఎలాగో తెలీక ఊరుకున్నా."

"ఒక్క మాట కూడా మాట్లాడలేదా? ఫుల్‌టాస్ గురించి?"

"నోరే విప్పలేదు. టీకి లేచి వెనక మెట్ల వైపు వెళ్తే..." చేతుల్లో మొహం దాచుకున్నాడు. "అరిచాను. జనం వచ్చారు. ఎవరో నా మొహంలోకి చూసి, 'నువ్వు ఆ గార్త్‌వి కదూ?' అన్నాడు. అంతే, కాళ్ళు ఆగలేదు. మళ్ళీ అదే మైదానం, మళ్ళీ అదే చూపు."

తను తోసేసిన మనిషి కుర్చీలోంచి నమోదు ఇంకా వస్తోందని క్విల్ కంగారుపడ్డాడు. తన తెర మీద 'గూగ్లీ' అన్న మాట చదివి, దాన్ని ఐవర్ నోట పెట్టాడు. ఐవర్‌కి జన్మలో చేతకాని మాటని.

గేటు దగ్గర పోలీసు కారు ఆగింది. హోల్‌రాయిడ్ తడి గడ్డిలో బూట్లు చప్పుడు చేసుకుంటూ వచ్చాడు. నెడ్ లేచి రెండు చేతులూ ముందుకు చాపాడు. నేను ఆ చేతుల ముందు నిలబడ్డాను.

"తప్పుకో మారియన్."

"ముందు విను. విన్నాక నన్ను కూడా తీసుకుపో."

చెప్పాను. మొదట గడియారం చూసుకున్నాడు. హెడ్‌ఫోన్ సంగతికి వచ్చేసరికి గడియారం మర్చిపోయాడు. చివర్లో టోపీ తీసి చేతిలో నలిపాడు.

"ఐవర్ ఫోన్‌కి ఎవరు చేశారో చూడొచ్చు," అన్నాడు మెల్లగా. "చూసుండాల్సింది."

"ఈ చోటు నీకెవరు చెప్పారు?"

"క్విలే. ఆ కుర్రాడు ఏడుస్తూ ఫోన్ చేసి ఆయనకి అంతా చెప్పేశాడట, చాచాని కాపాడమని. ఆయన వెంటనే నాకు ఫోన్ చేశాడు."

"ఎక్కడి నుంచి?"

"ఆస్పత్రి నుంచి. ఐవర్ కళ్ళు కదుపుతున్నాడట, ఏ క్షణమైనా మాట రావొచ్చని డాక్టరు అన్నాడట. క్విల్ పక్కనే కూర్చుంటానన్నాడు. కాపలా ఉన్న మా కానిస్టేబుల్ పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని, పాపం, ఆయనే..."

మాట మధ్యలో ఆగిపోయింది.

"ఆయనే ఏం చేశాడు?"

"భోంచేసి రమ్మని పంపించాడు."

ముగ్గురం కారు వైపు పరిగెత్తాం. వెనక సీట్లో నెడ్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పందొమ్మిదేళ్ళ తర్వాత దొరికిన చెయ్యి, చల్లగా, ఎర్ర బంతి మరకలతో ఉంది. వాడు వేళ్ళు బిగించాడు. ముందు సీట్లో హోల్‌రాయిడ్ ఒక చేత్తో కారు నడుపుతూ, రెండో చేత్తో ఐవర్ వార్డుకి స్పీకర్ మీద ఫోన్ కలుపుతున్నాడు.

అటువైపు మోగుతూనే ఉంది. ఆఖరికి ఎవరో ఎత్తారు.

"హలో?" అంది పొద్దున విన్న అదే మెత్తని గొంతు. "నర్సు ఇక్కడ లేదండీ. నేను ఐవర్ స్నేహితుణ్ని. ఇప్పుడే మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు."